నేను స్కూల్‌కి వెళ్లాక జరిగిన ఆటలు

మావాడు మొన్న కొత్త బేస్‌బాల్ ఆట డౌన్‌లోడ్ చేశాడు. ఏటా వసంతం రాగానే వచ్చే వీడియో గేమ్ అది. పేరు అదే ఉంటుంది, చివర సంవత్సరం అంకె ఒక్కటే మారుతుంది. "పోయినేడాది దానికీ దీనికీ తేడా ఏంట్రా?" అని అడిగాను. "గడ్డి చూడు మామ్. ఈసారి గడ్డి రియల్‌గా ఉంది," అన్నాడు. గడ్డి మార్చి మళ్లీ మొత్తం ఆట అమ్మేవాళ్లని నమ్మడం నావల్ల కాదు. ఆ మాట అనబోయి ఆగిపోయాను. అది నా మాట కాదు, మా నాన్న మాట. జెర్సీ సిటీలో ఈ అపార్ట్‌మెంట్ సోఫాలో కూర్చుని, టీవీలో కామెంటేటర్ గొంతు వింటూ, నేను చికాగో దగ్గర మా చిన్నప్పటి నేపర్‌విల్ ఇంటి బేస్‌మెంట్‌లోకి దిగిపోయాను.

మా ఇంట్లో అందరికీ అనుమానాలే. కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కో శాఖ. నాన్నది వస్తువుల శాఖ. గ్యాస్ పంపు మీటరు వేగంగా తిరుగుతుందనీ, షాపులో కూరగాయలు తూచే త్రాసు మోసమనీ, టీవీలో వర్షం పడదని చెప్పేవాడికి గొడుగుల కంపెనీతో పడదనీ అనేవాడు. అమ్మది మనుషుల శాఖ. ఎవరైనా రెండుసార్లు వరసగా నవ్వుతూ పలకరిస్తే, "ఈవిడకి మనతో ఏదో పనుంది," అని తేల్చేసేది. వాళ్లిద్దరి మధ్య పెరిగినదాన్ని కనుక నాకు రెండు శాఖలూ సంక్రమించాయి.

ఆ ఆట మా ఇంట్లోకి రావడం కూడా అనుమానంతోనే మొదలైంది. షాపులో నాన్న డబ్బా అటూ ఇటూ తిప్పి, చిన్న అక్షరాలన్నీ చదివి, "నిరుడు అమ్మినదాన్నే అట్ట మార్చి పెట్టారు," అని తీర్పు చెప్పాడు. అయినా కొన్నాడు. అప్పట్లో చికాగో చుట్టుపక్కల పిల్లలంతా ఎండాకాలం వచ్చేదాకా దాని గురించే మాట్లాడుకునేవారు. స్కూల్‌లో నాలాంటి పిల్లకి ఆ కబుర్లలో చోటు దొరకాలంటే ఆ ఆట ఉండి తీరాలి. నాన్నకి ఆ సంగతి అర్థమైందనుకుంటాను.

మంచు కరిగే రోజుల్లో బేస్‌మెంట్‌కి ఒక వాసన ఉండేది. తడిసిన కార్పెట్, బట్టల డ్రయ్యర్ వేడి, పైన వంటింట్లో అమ్మ పెట్టిన ఇంగువ పోపు, అన్నీ కలిసి. పోపు పెట్టే ముందు అమ్మ కుర్చీ ఎక్కి స్మోక్ అలారమ్‌కి షవర్ క్యాప్ తొడిగేది. అది మర్చిపోయిన రోజున ఇల్లంతా కూత, నేను టవల్ పట్టుకుని అలారమ్ కింద గాలి విసరడం. మూలన గుంటలో చేరిన నీటిని బయటికి తోసే మోటారు ఉండుండి గుర్రుమనేది. ఆ మోటారు మీద కూడా నాన్నకి నమ్మకం లేదు.

ఆ వసంతంలోనే బాబాయి మా బేస్‌మెంట్‌లోకి వచ్చాడు. నాన్నకి ఒక్కడే తమ్ముడు. ఒహాయోలో ప్రాజెక్ట్ అయిపోయి బెంచ్ మీద ఉన్నాడు. కన్సల్టెన్సీ వాళ్లు ఇంకో ప్రాజెక్ట్ చూపించేదాకా జీతం లేకుండా ఎదురుచూడటాన్ని బెంచ్ అంటారు. ఎక్కువకాలం అలా ఉంటే వీసా పోతుంది. అది పెద్దవాళ్లు నాకు చెప్పలేదు, మెట్ల మీద కూర్చుని విన్నాను. బాబాయి సోఫానే పరుపు చేసుకుని, దాని పక్కన ఒక అట్టపెట్టె బోర్లించి, దాని మీద లాప్‌టాప్ పెట్టుకున్నాడు. నాకది బాగా నచ్చింది. స్కూల్ నుంచి రాగానే పక్కన కూర్చుని ఆడటానికి మనిషి దొరికాడు. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి ఉప్మా చేసేవాడు, చేగోడీలు పొడి చేసి పాప్‌కార్న్‌లో కలిపేవాడు. ఆ చేతులతోనే కంట్రోలర్ పట్టుకుంటే నేను కేకలేసేదాన్ని.

అదే వసంతంలో అమ్మ హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం మానేసి పరీక్షకు చదవాలని కూడా అనుకుంది. మా అమ్మ ఇండియాలో డాక్టరు. ఇక్కడ డాక్టరు కావాలంటే మళ్లీ పరీక్షలు రాయాలి. పెళ్లైన దగ్గర్నుంచి వాయిదా పడుతూ వస్తున్న పని అది. "ఈ ఏడాది మానెయ్. నా జీతం చాలు, నువ్వు చదువుకో," అని నాన్న అందరి ముందూ మాట ఇచ్చాడు. ల్యాబ్‌లో ఇంకా మానకముందే లావుపాటి పుస్తకాలు వచ్చి డైనింగ్ టేబుల్ చివర కూర్చున్నాయి. అమ్మ వాటికి పాత క్యాలెండర్ కాగితాలతో అట్టలు కూడా వేసింది.

మా ఆటలో సీజన్ అని ఒకటి ఉండేది. ఒక జట్టుని ఎంచుకుని, ఏడాది పొడుగునా ఒకదాని తర్వాత ఒకటి మ్యాచ్‌లు ఆడుతూ పోవాలి. ఎక్కడ ఆపామో ఆ యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. నా జట్టు బాగా గెలుస్తోంది. ఒకరోజు స్కూల్ నుంచి వచ్చి చూస్తే నేను ఆపిన చోట లేదు. నేను ఆడని మ్యాచ్‌లు ఆడేసి ఉన్నాయి. పైగా అన్నీ ఓడిపోయి ఉన్నాయి.

"బాబాయ్, నా సీజన్ నువ్వు ప్లే చేశావా?"

బాబాయి లాప్‌టాప్ నుంచి తల ఎత్తలేదు. "చేశానేమోనమ్మా. బోర్ కొట్టింది."

చేశానేమో అంటే ఏమిటి? చేసినవాడికి తెలియదా? నాకు అక్కడే అనుమానపు పురుగు తొలిచింది. ఎందుకంటే బాబాయి ఆట నాకు తెలుసు. బేస్‌బాల్‌లో బంతి వేసేవాడు గీత దాటించి నాలుగు చెడ్డ బంతులు వేస్తే, బ్యాట్ ఎత్తకుండానే మొదటి బేస్‌కి నడిచి వెళ్లొచ్చు. బాబాయికి అదే ఇష్టం. చెడ్డ బంతిని వదిలేసి, అవతలివాడికి విసుగు పుట్టించి, నింపాదిగా నడిచి వెళ్లేవాడు. నేను లేనప్పుడు ఆడిన మ్యాచ్‌ల లెక్కలు చూస్తే, ఒక్కడంటే ఒక్కడు అలా నడవలేదు. నేలకి తగిలేలా పడిన బంతిని కూడా వదలకుండా బ్యాట్ విసిరి ఔటైపోయారు. అది క్రికెట్‌లో పెరిగినవాళ్లు చేసే పని. వాళ్లకి బంతి నేల మీద పడటం తప్పుగా కనిపించదు. బాబాయి కూడా క్రికెట్ ఆడినవాడే, కానీ ఆయనకి ఆ జబ్బు నేనే మాన్పించాను.

నా అనుమానం ఇలా ఉండగానే అమ్మకి వేరే అనుమానం మొదలైంది. ఒక శనివారం వంటింట్లో గోంగూర ఆకు తుంచుతూ నన్ను దగ్గరికి పిలిచింది.

"కింద ఆ ఆట పగలు ఎంతసేపు ఆడుతున్నారో నీకు తెలుస్తుందా?"

"తెలుస్తుంది. సేవ్ అవుతుంది కదా."

"అయితే రోజూ చూసి నాకు చెప్పు. బాబాయికి చెప్పకు."

అలా నేను ఇంటి గూఢచారినయ్యాను. చెప్పొద్దూ, గర్వంగానే ఉండేది. ఇవాళ ఆడారు, ఇవాళ ఆడలేదు, ఇవాళ చాలా ఆడారు అని అమ్మ చెవిలో వేసేదాన్ని. అమ్మ తల ఊపి ఊరుకునేది. రాత్రి భోజనాల దగ్గర మాత్రం అది ఏదో రకంగా బయటికి వచ్చేది.

"కొందరికి ఉద్యోగం వెతుక్కోవడం కంటే ముఖ్యమైన పనులుంటాయి," అనేది పప్పు వడ్డిస్తూ.

బాబాయి నవ్వేవాడు. "ఒక్క గేమే వదినా. ఇంటర్వ్యూ కాల్ కోసం వెయిట్ చేస్తూ."

నాన్న కంచంలోకి చూస్తూ అన్నం కలిపేవాడు. వస్తువులన్నిటి మీదా ఏదో ఒకటి అనే మనిషి, భార్య తన తమ్ముణ్ని దెప్పుతుంటే ఒక్క మాట అడ్డం వేయలేదు. నాకు నాన్న మీద కోపం వచ్చేది. ఆ కోపం అప్పటికింకా కోపమే, అనుమానం కాలేదు.

అది అనుమానంగా మారింది ఒక పార్టీలో. శని ఆదివారాల్లో తెలుగువాళ్లమంతా ఎవరో ఒకరింట్లో చేరేవాళ్లం. అల్యూమినియం ట్రేల్లో పులిహోర, వంకాయ కూర, పిల్లలకు పిజ్జా. చెప్పులన్నీ గరాజ్‌లో కుప్ప. ఆ ఏడాది అంకుల్స్ మాటలన్నీ లేఆఫ్స్ చుట్టూనే తిరిగేవి. ఒక అంకుల్ నాన్నని అడిగాడు. "మీ కంపెనీలో కూడా బాగా కోస్తున్నారంట కదండీ?"

"మా గ్రూప్ సేఫ్ అండీ," అన్నాడు నాన్న.

"మీ ఫ్లోర్ మొత్తం ఖాళీ చేశారని విన్నానే."

"అది వేరే ఫ్లోర్," అని చెప్పి, చేతిలో నిండుగా నీళ్లున్న గ్లాసు పెట్టుకుని నీళ్లకోసమని లేచి వెళ్లాడు. అది నేను చూశాను. బాబాయి కూడా చూశాడు. బాబాయి వెంటనే ఆ అంకుల్‌ని ఏదో క్రికెట్ మ్యాచ్ గురించి అడిగాడు. ఆ అంకుల్ ఆ మ్యాచ్‌లోంచి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు ఆదివారం. నాన్నని బతిమాలి నాతో ఒక మ్యాచ్ ఆడించాను. "నాకు రాదమ్మా, ఎప్పుడూ ఆడలేదు," అన్నాడు. రానివాడి వేళ్లు మీటల మీద సరిగ్గా వెళ్లి కూర్చున్నాయి. నేను కావాలని బంతులు నేలకేసి వేశాను. ప్రతిదానికీ బ్యాట్ విసిరాడు. "వదిలెయ్ నాన్నా, అది చెడ్డ బాల్. నాలుగు వదిలేస్తే ఫ్రీగా ఫస్ట్ బేస్ ఇస్తారు," అన్నాను.

"నిలబడింది కొట్టడానికే కదా. ఊరికే ఇస్తామంటే మాత్రం తీసుకుంటామా," అన్నాడు.

బాబాయి వెనక సోఫాలో పేపరు మడతపెట్టి నా వైపు చూశాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకీ తెలిసిపోయింది. కానీ తెలిసింది ఏమిటో నాకింకా పూర్తిగా అర్థం కాలేదు. నాన్న పొద్దున్నే టై కట్టుకుని స్టేషన్‌కి వెళ్తాడు, రైలెక్కి చికాగో వెళ్తాడు, సాయంత్రం వస్తాడు. మధ్యలో నా జట్టుని ఎలా ఓడిస్తాడు?

కొన్నాళ్లకి టీచర్ల మీటింగ్ ఉండి స్కూల్ మధ్యాహ్నానికే వదిలేశారు. ఆ సంగతి రాసిన కాగితం అమ్మకివ్వడం మర్చిపోయాను. బస్సు దిగి గరాజ్ తలుపు నంబర్ నొక్కితే లోపల నాన్న కారు ఉంది. అది స్టేషన్ పార్కింగ్‌లో ఉండాల్సిన కారు. షూస్ చేతిలో పట్టుకుని బేస్‌మెంట్ మెట్లు సగం దిగాను.

నాన్న సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, టై, మెడలో ఆఫీసు బ్యాడ్జి. ఉద్యోగం పోయినవాళ్ల దగ్గర ఆ బ్యాడ్జి తీసేసుకుంటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆయన దాన్ని వాళ్లకివ్వకుండా ఎలా తెచ్చుకున్నాడో తెలియదు. కళ్లార్పకుండా టీవీ వైపు చూస్తూ, నేలకి పడే బంతులకి బ్యాట్ విసురుతున్నాడు. ఔటైనా మొహం మారలేదు. పక్కన బాబాయి లాప్‌టాప్‌లో టైప్ చేస్తూ, "అన్నయ్యా, ఈ లైన్‌లో టీమ్ లీడ్ అని పెట్టనా, మేనేజర్ అని పెట్టనా?" అని అడుగుతున్నాడు. నాన్న ఇంకో బంతికి బ్యాట్ విసిరాడు. "మేనేజర్ అంటే ఎక్కువ జీతం అడుగుతావేమోనని పిలవరు. లీడ్ అని పెడతా," అన్నాడు బాబాయే.

మా నాన్నని అలా చూసేసరికి నాకు భయం వేసింది. ఏడుపు వచ్చింది. వెనక్కి ఎక్కబోతుంటే మెట్టు కిర్రుమంది. నాన్న తిరగలేదు. బాబాయి చూశాడు.

నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి, ముందు బాణలి పెట్టాడు. ఉల్లిపాయలు వేగుతుంటే అన్నాడు. "మీ నాన్నకి జాబ్ పోయింది. వస్తుంది. వచ్చేదాకా అమ్మకి తెలియకూడదు."

"ఎందుకు?"

"తెలిస్తే అమ్మ చదువు ఆపేస్తుంది. అన్నయ్య మాట ఇచ్చాడు కదా."

"మరి అమ్మ నిన్ను తిడుతోంది."

"తిట్టనీ. నేను ఎలాగూ బెంచే. ఒకే ఇంట్లో ఇద్దరు ఖాళీగా ఉన్నారంటే బాగోదు, ఒకడైతే పరవాలేదు." తర్వాత పొయ్యి తగ్గించి, నా ఎత్తుకి వంగాడు. "అమ్మ అడిగితే బాబాయే ఆడుతున్నాడని చెప్పు. సరేనా తల్లీ?"

సరేనన్నాను. ఆ రోజు అమ్మ అడిగింది. అలాగే చెప్పాను. అమ్మ నా మొహంలోకి కొంచెం ఎక్కువసేపే చూసింది, కానీ ఇంకేం అడగలేదు. ఆ వారమే డైనింగ్ టేబుల్ చివరి పుస్తకాలు అట్టలతో సహా అలమరలోకి వెళ్లిపోయాయి. ఇప్పుడప్పుడే ఉద్యోగం మానడం లేదని చెప్పింది. నాన్న ఎందుకని అడిగితే, బాబాయి వినేలాగే అంది. "ఇంట్లో ఒక మనిషి పొద్దస్తమానం ఆటలాడుతూ కూర్చుంటే, ఇంకో మనిషికి పుస్తకం తెరవబుద్ధి ఎలా అవుతుంది?"

మరో ఆదివారం బాబాయితో నేరుగా అనేసింది. "ఇక్కడ వేళకి తిండి, టీవీ, అన్నీ అమరిపోయాయి. ఇలా ఉంటే నీకు ఉద్యోగం ఎప్పటికి వస్తుంది? న్యూజెర్సీలో మీ కంపెనీ గెస్ట్‌హౌస్‌కి వెళ్లు. నలుగురి మధ్య ఉంటే కాస్త తిరుగుతావు."

నేను నాన్న వైపు చూశాను. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. బాబాయి ఆయనకి ఆ అవకాశం ఇవ్వలేదు. "కరెక్టే వదినా. నేనూ అదే అనుకుంటున్నా," అనేశాడు.

బాబాయిని దింపడానికి బస్ స్టేషన్‌కి నాన్నా నేనూ వెళ్లాం. దిగేటప్పుడు నాన్న బాబాయి భుజం పట్టుకుని వదలకుండా నిలబడ్డాడు. బాబాయి నాతో, "చెడ్డ బాల్స్ వదిలెయ్," అని చెప్పి బస్సెక్కాడు.

ఆ రోజు నుంచి నా సీజన్‌ని ఎవరూ ముట్టుకోలేదు. బాబాయి వెళ్లాక కూడా ఆట నడిస్తే నాన్న దొరికిపోతాడు కదా. నాన్న మాత్రం పొద్దున్నే టై కట్టుకుని వెళ్తూనే ఉన్నాడు. ఆ పగళ్లు ఎక్కడ గడిపాడో నాకు ఇప్పటికీ తెలియదు. లైబ్రరీలోనో, కారులోనో. ఆకులు రాలే వేళకి ఇంకో కంపెనీలో చేరాడు. పాతది తనే మానేశానని, ఇక్కడ గ్రోత్ బాగుందని అందరికీ చెప్పాడు. బాబాయికి మాత్రం ఆ ఎండాకాలమంతా గెస్ట్‌హౌస్‌లో ఎదురుచూసినా ప్రాజెక్ట్ రాలేదు. గడువు ముగిసి ఇండియా వెళ్లిపోయాడు. గుంటూరులో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెప్పుకుంటూ ఉండిపోయాడు. మా చుట్టాల్లో ఆయన పేరు వస్తే చాలు, "వాళ్ల వదిన ఇంట్లో వీడియో గేములాడుకుంటూ అమెరికా పోగొట్టుకున్నాడు," అని నవ్వేవారు. అమ్మ ఆ నవ్వులో కలిసేది కాదు, కాదని కూడా అనేది కాదు.

నాన్న పోయాక సంవత్సరీకానికి బాబాయి వచ్చాడు. అప్పటికి టెక్సస్‌లో చదువుతున్న కూతురి దగ్గరికి వచ్చి ఉన్నాడు. గుడిలో కార్యక్రమం ముగించుకుని నేపర్‌విల్ ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాం. గారెలు, అల్లం పచ్చడి, కంద కూర. జుట్టంతా తెల్లబడిన బాబాయి పక్కన మావాడు కూర్చుని, చిన్నతాత ఒకప్పుడు బేస్‌బాల్ బాగా ఆడేవాడట కదా అని అడిగాడు.

"బాగా ఏం కాదురా. పిచ్చి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. మీ అమ్మమ్మ పాపం విసిగిపోయింది," అన్నాడు బాబాయి. నాన్న లేకపోయినా ఆ మాట మీదే నిలబడి ఉన్నాడు.

అమ్మ వడ్డిస్తున్నదల్లా ఆగింది. "ఆడింది నువ్వు కాదని నాకు తెలుసయ్యా," అంది.



"మీ అన్నయ్య ఏనాడూ ఆఫీసు నుంచి క్యారేజీ కడిగి తెచ్చిన మనిషి కాదు. ఆ నెలల్లో రోజూ వేడినీళ్లతో కడిగి, తుడిచి, అలమరలో పెట్టి ఉండేది. నువ్వు కడిగేవాడివి. ఆయన తిన్నది ఈ ఇంట్లోనే అని నాకు తెలియదా? అందుకేగా నేను ఉద్యోగం మానలేదు."

బాబాయి చెయ్యి విస్తరి మీదే ఉండిపోయింది. ఇన్నేళ్లూ వదిన దగ్గర అన్న పరువు కాపాడానని అనుకుంటూ బతికిన మనిషి. ఆయన మొహం చూడలేక నేను తల దించుకున్నాను.

"తెలిసే నన్ను వెళ్లమన్నారా వదినా?"

అమ్మ చేతిలోని పెరుగు గిన్నె పక్కన పెట్టింది. "నువ్వు ఉన్నంతకాలం ఆయనకి ఆ సోఫా ఒక చాటు. నువ్వు కాపు కాస్తుంటే ఆయన లేచేవాడు కాదు. లేచి బయటికి వెళ్లాలంటే నువ్వు ఉండకూడదనిపించింది. ఆయన్ని ఒక్క మాట అన్నా విరిగిపోతాడేమోనని భయం. అనడానికి నాకు నువ్వే దొరికావు."

బాబాయి గారె ముక్క తుంచాడు. తినలేదు. విస్తరి అంచున పెట్టి అన్నాడు.

"నాకు చెప్పాల్సింది వదినా. చెప్పి ఉంటే నేనే వెళ్లిపోయేవాణ్ని."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. మా ఇంట్లో అంతమందిమీ అన్నిటినీ అనుమానించాం, త్రాసులనీ మీటర్లనీ నవ్వే మనుషులనీ. నమ్మదగ్గ మనిషి ఒక్కడు వచ్చి మా బేస్‌మెంట్‌లో ఉంటే, ఆయనకి ఒక్క మాట చెప్పడం ఎవరికీ చేతకాలేదు. అమ్మ కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. ఆయన మళ్లీ అన్నం కలుపుకునేదాకా అక్కణ్నుంచి లేవలేదు.